ఆ రోజు కరెంటు పోయింది

షాద్‌నగర్ చుట్టుపక్కల కెమికల్ ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రవాళ్ల నోట ఒక మాట నలుగుతుంటుంది. ల్యాబులో రాని ఫలితాన్ని వచ్చినట్టు చూపిస్తే దాన్ని ‘సీతాఫలం పెట్టడం’ అంటారు. ఈ మధ్య ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం తింటూ ఆ మాట విన్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు కెమిస్టులు కూర్చున్నారు. ఒకడు ఇంకొకడి ఫోన్‌లో గ్రాఫు చూస్తున్నాడు.

"గింత సాఫ్ గీత ఎట్లొచ్చిందిరా నీకు? సీతాఫలం గిట్ల పెట్టినవా?"

"నీ లెక్క అనుకున్నవా? జర నోరు మూసుకొని తిను."

"నా లెక్క కాదు, గా మేడం లెక్క."

"ఏ మేడం?"

"ఎన్కట ఎవరో ఉండెనట. ఇంటర్నెట్ల కెళ్లి ఫోటో తీసి నేనే చేసిన అని సేఠ్‌కు చూపిచ్చిందట. సీతాఫలం తీరు ఉండెనట గా ఫోటో."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను లేచి చేయి కడుక్కున్నాను. పళ్లెంలో అన్నం అలాగే ఉంది కాబట్టి మళ్లీ వచ్చి కూర్చున్నాను. కూర్చోలేక మళ్లీ లేచాను. "ఏమైంది సార్, కూరల ఉప్పెక్కువైందా?" అని ఒకడు అడిగాడు. ఏం లేదని చెప్పి బయటికి వచ్చి, గేటు దాకా నడిచి, పని లేకుండానే వెనక్కి వచ్చాను.

ఆ మేడం ఎవరో నాకు తెలుసు. ఆ ఫోటో ఇంటర్నెట్‌లోది కాదు. మా ల్యాబులో, మా ఫ్లాస్కులో, నా ఎదుటే తయారైన పొడిది. అది ఎలా వచ్చిందో చెప్పవలసిన చోట ఆమె చెప్పింది. కాదన్నది నేను.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఒక చిన్న యూనిట్‌లో ల్యాబు ఇన్‌చార్జిగా ఉండేవాణ్ణి. రంగుల కంపెనీలకు కావలసిన, పాలలా తెల్లగా ఉండే పాలిమర్ ద్రవం మా సరుకు. యజమాని పాలమూరు మనిషి. ఆయన దగ్గరికి ఒక రంగుల కంపెనీ తరఫున ఒకాయన వచ్చి కొత్త కోరిక కోరాడు. గోడకు వేస్తే మెరుపు లేకుండా ఉండాలి, వాన పడితే చామాకు మీది నీటిబొట్టులా నీళ్లు జారిపోవాలి, జారుతూ దుమ్ము తీసుకుపోవాలి. అలాంటి రంగులో కలిపే పొడి కావాలి.

నున్నటి గుండ్రటి రేణువులతో ఆ పని కాదు. రేణువు ఒళ్లంతా బుడిపెలుండాలి. దానికి మేం ఎంచుకున్న దారి ఇది. సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, దాన్ని కంటికి ఆనని గుండ్లుగా తయారుచేస్తాం. ఆ గుండ్ల మీద ప్లాస్టిక్‌ను పెంచుతాం. అయితే ఈ రెండింటికీ పొత్తు కుదరదు. నూనె, నీళ్లలా విడిపోతాయి. అందుకని మధ్యలో ఒక మందు కలపాలి. దాని ఒక కొస సిలికాను పట్టుకుంటుంది, ఇంకో కొస ప్లాస్టిక్‌ను పట్టుకుంటుంది. ఆ మందుకు మా ల్యాబులో ‘పెద్దమనిషి’ అని పేరు. రెండు ఇండ్లను కలిపే పెద్దమనిషి.

ఆ పేరు పెట్టింది ఆ మేడమే. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, అక్కడే ఎమ్మెస్సీ చదివి, మా దగ్గర చేరింది. వాళ్ల ఇంట్లో నెలజీతం మొదట చూసింది ఆమెనట. నాలుకకు పదునెక్కువ. "మీ పండుగలకు సెలవులిస్తరు, క్రిస్మస్‌కు మాత్రం బ్యాచ్ పెడ్తరు, ఇదెక్కడి నీతి సార్" అని మొహం మీదే అడిగేది. ఆ ఏటి నుంచి క్రిస్మస్‌కు బ్యాచ్ పెట్టడం మానేశాను.

ఆకారాలకు పేర్లూ ఆమె పెట్టినవే. పెద్దమనిషి మందు మరీ తక్కువైతే సిలికా గుండు మీద ఒక్కచోటే ప్లాస్టిక్ మూట కడుతుంది. కుండ మీద కుండలా కనిపిస్తుంది, అది బోనం. రెండు వైపులా మూటలు కడితే నడుము సన్నబడినట్టుంటుంది, అది పల్లికాయ. ఒళ్లంతా సమంగా పరుచుకుంటే గోళీ. మాకు కావలసింది వీటిలో ఏదీ కాదు. బుడిపె పక్కన బుడిపె, ఒకదానిలో ఒకటి కలవకుండా, గుండు చుట్టూ రావాలి. చలికాలం మొదట్లో షాద్‌నగర్ అవతల బాలానగర్ దాటితే రోడ్డు పక్కన గంపల్లో అమ్మే కాయలాగ రావాలి. కాబట్టి అది సీతాఫలం. నెలల తరబడి చేశాం. బోనాలు వచ్చాయి, పల్లికాయలు వచ్చాయి, గోళీలు కుప్పలుగా వచ్చాయి.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఫ్లాస్కు వేడినీళ్ల బాత్‌లో ఉంది. లోపలి ద్రవాన్ని కలుపుతూ స్టిర్రర్ తిరుగుతోంది. కరెంటు పోయింది. అప్పట్లో అది వార్త కాదు. పెద్ద రియాక్టర్ల వైపు జనరేటర్ గురగురమంటూ లేచింది. ల్యాబు మాత్రం లేవలేదు. దానికి కారణం నేను. ఆ ఎండాకాలం మొదట్లో ల్యాబుకు వెళ్లే జనరేటర్ లైను తీయించి యజమాని గదిలోని ఏసీకి కలిపించాను. ఆయన అడగలేదు. కరెంటు పోయినప్పుడు ఆయన రుమాలుతో మెడ తుడుచుకోవడం చూసి నేనే చేయించాను. ఆయన చల్లగా కూర్చుని నన్ను మంచివాడనుకోవాలని.

ఆమె ఆగిపోయిన స్టిర్రర్ వైపు చూసి, నా వైపు చూసింది.

"మన ల్యాబుకు ఏసీ పాటి ఇజ్జత్ లేదా సార్?"

"వస్తది తీయ్. రాకుంటే పారబోద్దాం."

"పారబోసుడు ఎప్పుడైనా ఉన్నదే. కరెంటొచ్చినంక సాగనిద్దాం."

గదిలో ప్లాస్టిక్‌గా మారే ద్రవం, స్టైరీన్ వాసన, ఉక్క. బయట రేకుల నీడలో కూర్చున్నాం. గేటు దగ్గర ముంజలు అమ్ముతుంటే కొన్నాను. ఆమె మధ్య మధ్య లోపలికి వెళ్లి బాత్ నీళ్లలో చేయి పెట్టి చూసి వచ్చేది. "గోరువెచ్చగైంది" అని ఒకసారి చెప్పింది. నేను ముంజను వేలితో పొడిచి నీళ్లు చొక్కా మీద చిందించుకున్నాను. ఆమె నవ్వి, "పిహెచ్‌డీ చేసిండ్రు గాని ముంజ తినుడు రాదు" అంది. నేను పిహెచ్‌డీ చేయలేదు, సగంలో ఆపాను. అది ఆమెకూ తెలుసు. కరెంటు వచ్చింది, బాత్ వేడెక్కింది, బ్యాచ్ ముగిసింది.

ఆ పొడిని మిగతా వాటితో కలిపి హైదరాబాదుకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పంపాం. ఫోటోలు తేవడానికి ఆమే వెళ్లింది. తిరిగొచ్చి నా బల్ల మీద ఒక కాగితం బోర్లా పెట్టి, "తిప్పుండ్రి" అంది. తిప్పాను. నలుపు మీద తెలుపు. గుండు చుట్టూ బుడిపెలు, విడివిడిగా, నిండుగా. పక్కన అలాంటిదే ఇంకొకటి, దాని వెనుక ఇంకా.

యజమాని దాన్ని పెద్దగా అచ్చువేయించి తన గదిలో ఫ్రేము కట్టించాడు. ఆ పొడిని గాజుపలక మీద పూసి నీళ్లు చల్లితే బొట్లు నిలవలేదు, ఉరికాయి. రంగుల కంపెనీ ఆయన పలకను అటూ ఇటూ వంచుతూ చిన్నపిల్లాడిలా ఆడుకున్నాడు. ఇదే సరుకు మళ్లీ చేసి పంపమన్నాడు.

మళ్లీ రాలేదు.

రాష్ట్రం వచ్చింది. మరుసటి ఏడాదికి కరెంటు నిలకడ పడింది. కరెంటు కోతకు ఫ్యాక్టరీకి సెలవు ప్రకటించవలసిన పని పోయింది, జనరేటర్ మీద దుమ్ము పేరుకుంది. మేం సంబరపడ్డాం. సంబరపడుతూనే బ్యాచ్ మీద బ్యాచ్ పెట్టాం. అదే సిలికా, అదే పెద్దమనిషి, అదే వేడి. అన్నీ గోళీలే. ఆమె వేరేవాళ్ల చేత చేయించి చూసింది, సీసాలు మార్చి చూసింది, కొత్త డబ్బా స్టైరీన్ తెప్పించి చూసింది. మధ్యాహ్నం తిండి కూడా ఫ్లాస్కు ముందే. రంగుల కంపెనీ ఆయన ఫోన్లు మొదట మర్యాదగా, తర్వాత పొడిగా వచ్చాయి. చివరికి తానే వస్తున్నానన్నాడు.

ఆయన వచ్చే రోజు పొద్దున ఆమె బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ రోజు కరెంటు పోయింది, యాదికున్నదా? ఇప్పుడు పోతలేదు. గదే తేడా."

నాకు యాదికుంది. అది నిజమని అప్పుడే అనిపించింది. అయినా, "కరెంటు పోవుడు ఒక పద్ధతా? మా దగ్గర చీకటైతేనే సరుకొస్తదని చెప్తమా? తర్వాత చూద్దాం" అన్నాను.

యజమాని గదిలో నలుగురం కూర్చున్నాం. యజమాని, రంగుల కంపెనీ ఆయన, నేను, ఆమె. ఆయన కోస్తా వైపు మనిషి. మాట మెత్తన.

"సంవత్సరం నుంచి గోళీలే పంపుతున్నారండీ. నేను మా వాళ్లకి ఏం చెప్పుకోను? ఆ మొదటిది ఎలా వచ్చిందో అదొక్కటీ చెప్పండి, చాలు."

నేను యజమాని వైపు చూశాను. ఆమె చెప్పింది.

"సార్, ఆ రోజు నడుమ కరెంటు పోయింది. వేడి ఆగింది, తిప్పుడు ఆగింది. దానికే వచ్చిందని నా అనుమానం. ఒక్కసారి ఆపి చేసి చూస్త."

ఆయన గట్టిగా నవ్వాడు. యజమాని వైపు తిరిగి, "విడిపోతే మీకు చీకటే అని మావాళ్లు ఊరికే అనలేదన్నమాట. చీకట్లో తప్ప మీ సరుకు రాదంటుందీ అమ్మాయి" అన్నాడు.

ఆ మాట ఆ రోజుల్లో ఎక్కడ తగులుతుందో అప్పుడు ఇక్కడ బతికినవాళ్లకు తెలుసు. రాష్ట్రమొస్తే దీపం వెలగదని మమ్మల్ని ఎందరో ఎగతాళి చేశారు. దీపం వెలిగింది. వెలిగాక, పాత చీకటి గురించి బయటివాళ్ల ముందు ఒప్పుకోవడం కూడా ఓడిపోవడంలా ఉండేది. యజమాని మొహం కందింది.

"మా దగ్గర కరెంటు పోవుడనేదే లేదు. అప్పుడు గూడ ల్యాబు జనరేటర్ మీదనే ఉండె. ఏమయ్యా, చెప్పు."

ఏసీ గాలి నా మెడ మీద పడుతోంది.

"పోలేదు సార్. ఆ రోజు నేను అక్కడనే ఉన్న. కరెంటు పోలేదు."

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా కాదు, నేను మరిచిపోయానేమో, గుర్తుచేయాలేమో అన్నట్టుగా.

"ముంజలు తిన్నం కద సార్. కరెంటు లేకనే కద బయట కూసున్నది."

"అది ఇంకో రోజు."

ఒక అబద్ధం నోరు జారి వచ్చిందనుకోవచ్చు. రెండోది అలా రాలేదు. దాన్ని ఆలోచించి చెప్పాను.

"అయితే మరి ఫోటో ఎక్కడిదండీ?" అని రంగుల కంపెనీ ఆయన అడిగాడు. ఆయన ఫ్రేము వైపు చూసి, ఫోన్ తీసి చూపిస్తూ, "ఇలాంటివి నెట్‌లో బోలెడు ఉంటాయి లెండి. పలక మీద పూసింది కూడా ఏ బజారు మైనమో" అన్నాడు.

ఆయన వెళ్లాక యజమాని ఆమెను అడిగాడు. "నిజం చెప్పు బిడ్డా. ఎక్కడికెళ్లి తీసినవు?" ఆమె లేచి ల్యాబుకు వెళ్లిపోయింది. ఆ వారంలోనే మానేసింది. చివరి రోజు ఏప్రాన్ మడతపెట్టి నా బల్ల మీద ఉంచి, తలుపు దగ్గర ఆగింది.

"ఏసీ సంగతి చెప్పొద్దనుకున్నరు, సరే. ముంజలు గూడ తినలేదా సార్ మనం?"

ఆ తర్వాత ఆమె ఇంకో రెండు చోట్ల ఇంటర్వ్యూకు వెళ్లిందని, ఒకచోట "సీతాఫలం మేడం మీరేనా?" అని అడిగారని విన్నాను. తర్వాత ఈ పనే వదిలేసిందన్నారు.

నేను ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణాలు మంచివే. రాష్ట్రం పరువు అన్నాను. యూనిట్ మూతపడితే అందరి కూడు పోతుందన్నాను. ఇవి అబద్ధాలు కావు, కానీ నా నోరు తెరిపించినవి ఇవి కావు. కరెంటు పోయిందని ఒప్పుకుంటే, ల్యాబుకు జనరేటర్ ఎందుకు లేదన్నది తర్వాతి ప్రశ్న. లైను తీసి ఏసీకి పెట్టింది నేనని తేలుతుంది. ఆ వైరు కోసం ఒక మనిషిని దొంగను చేశాను.

అప్పటి నుంచి ఎక్కడా కుదురుగా లేను. ఆ యూనిట్ వదిలాను. మరో రెండు చోట్ల చేశాను. స్టిర్రర్ చప్పుడు ఆగితే చేస్తున్న పని వదిలి లేస్తాను. ఇంట్లో ఫ్యాను ఆగినా అంతే. నా భార్య "కూసుంటే ముండ్లు గుచ్చుకుంటయా నీకు?" అంటుంది. ఆ రోజు యజమాని గదిలో ఆమె చెప్పింది నిజమో కాదో తేలడానికి ఒక స్విచ్ ఆపితే చాలు. ల్యాబు నా చేతిలో ఉంది, ఫ్లాస్కు ఉంది, సిలికా ఉంది. ఒక్కనాడూ ఆపలేదు. కాదని తేలితే ఎలా ఉండేదో తెలియదు. అవునని తేలితే ఏం చేయాలో తెలుసు కాబట్టి ఆపలేదు.

క్యాంటీన్‌లో ఆ మాట విన్న తర్వాతి పొద్దున బ్యాచ్ పెట్టాను. ఇప్పటి ల్యాబులో బాత్‌కు ఒక స్విచ్, స్టిర్రర్‌కు ఒక స్విచ్. ప్లాస్టిక్ గుండ్లకు పట్టుకోవడం మొదలైన వేళకు స్టిర్రర్ ఆపాను. కుర్సీలో కూర్చోలేక కిటికీకీ తలుపుకూ మధ్య తిరిగాను. తర్వాత మళ్లీ వేశాను. హైదరాబాదు నుంచి ఫోటో వచ్చింది. బుడిపెలున్నాయి. బొమ్మను కాగితం మీద అచ్చు తీసి, ఆమె ఎక్కడుందో పాత మిత్రుణ్ణి అడిగాను. దేవరకొండలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోందన్నాడు.

ఆదివారం బయల్దేరాను. కల్వకుర్తిలో బస్సు మారాను. సీటు దొరకలేదు, దొరికినా కూర్చోలేకపోయేవాణ్ణి. డిండి దాటేదాకా ఏం మాట్లాడాలో అనుకుంటూ, అనుకున్నది మరిచిపోతూ, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

కిరాయి ఇల్లు, మేడ మీద. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు. తలుపు వాళ్లమ్మ తీసింది. ముసలామె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఎవరు బిడ్డా?" అని లోపలికి కేక వేసింది.

లోపలి నుంచి ఆమె వచ్చి చూసి, "పాత ఫ్యాక్టరీ సారు" అంది.

"గా కరెంటు సారేనా?"

ఆ ఇంట్లో నా పేరు అది.

కూర్చోమన్నారు. కుర్చీ అంచున కూర్చున్నాను. అనుకున్న మాటలు ఏవీ రాలేదు. కవరులోంచి ఫోటో తీసి చేతికిచ్చాను. ఆమె దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు వస్తాయని నేను అనుకున్నానేమో. సిగ్గుతో రాస్తున్నాను, అలా అనుకునే వెళ్లాను.

"ఇది సీతాఫలం కాదు సార్."

"ఏం?"

"కాకరకాయ."

చూపుడువేలితో చూపించింది. బుడిపెలు విడిగా లేవు. ఒకదాని మీదికి ఒకటి పాకి పొడుగు గట్లుగా మారాయి. నా కంటికి ఆ తేడా ఆనలేదు. ఆనకూడదని చూశాను.

"తిప్పుడు ఒక్కటే ఆపిండ్రు గద?"

"అవును."

"బాత్ ఆపలే."

"ఆపలే."

"ఆ రోజు రెండూ ఆగినయి. నేను నీళ్లల్ల చెయ్యి పెట్టి చూసిన, గోరువెచ్చగుండె. మీరు ముంజలు తింటుంటిరి." కొద్దిగా నవ్వినట్టే ఉంది. "వేడిగుంటే బుడిపెలు మెత్తగుంటయి సార్, పక్కదాంట్ల కలుస్తయి. చల్లారితే కలవకముందే గట్టివడ్తయి. మళ్ల వేడి పెట్టినా ఇగ కలవయి. అదే జరిగింది. బస్సుల పోతుంటే వస్తుంటే ఎన్నిసార్లు అనుకున్ననో."

"నాది తప్పయింది" అన్నాను. "అబద్ధం చెప్పిన. ఏసీ వైరు బయటపడ్తదని చెప్పిన."

"నాకు ఎరుకే గద సార్ అది."

వాళ్లమ్మ చాయ్ తెచ్చి ముందు పెట్టింది. నేను తాగుతుంటే ఎదురుగా నిలబడే ఉంది. "అబద్ధ సాక్ష్యం పలుకొద్దని మా దాంట్ల ఉంటది. మీ దాంట్ల ఉండదా?" అని అడిగింది. తిట్టినట్టు కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగింది.

"ఉంటదమ్మా" అన్నాను.

ఫోటోను ఆమె నాకు తిరిగిచ్చింది.

"తప్పయిందని ఇంతదూరమొచ్చి నాకు చెప్తే ఏమొస్తది? కరెంటు పోలేదని మీరు నాతోని అనలేదు. ఆ గదిల, వాళ్లతోని అన్నరు. చెప్పేదుంటే ఆడ చెప్పుండ్రి."

"నువ్వు కూడ వస్తవా?"

"నేనెందుకు? నేను చెప్పేది అప్పుడే చెప్పిన."

"చాయ్ తాగిండు గద, ఇగ పోనీయి" అంది వాళ్లమ్మ.

మెట్లు దిగాను. బస్టాండులో బస్సు ఉండగానే ఎక్కక, రెండోదాని కోసం అటూ ఇటూ తిరిగాను.

ఆమె చెప్పినట్టు చేశాను. స్టిర్రర్ ఆపాను, బాత్ ఆపాను. నీళ్లలో చేయి పెట్టి చూస్తూ ఉన్నాను. మొదట చురుక్కుమంది, తర్వాత ఓర్చుకోదగ్గ వేడి, తర్వాత గోరువెచ్చన. అప్పుడు మళ్లీ రెండూ వేశాను. ఈసారి హైదరాబాదుకు నేనే వెళ్లాను. మైక్రోస్కోపు తెర మీద బూడిదరంగు మసక తేటపడి రేణువులు కనిపించాయి. విడివిడి బుడిపెలు, గుండు చుట్టూ, నిండుగా. సీతాఫలాలు.

మర్నాడే పాత యూనిట్‌కు వెళ్లాను. యజమాని ముసలివాడయ్యాడు. గది అదే, ఏసీ మారింది. ఫ్రేము ఉన్న జాగాలో క్యాలెండర్ ఉంది. నిలబడే మొత్తం చెప్పాను. ఆయన కాకరకాయ, సీతాఫలం ఫోటోలు రెండూ ముందు పెట్టుకుని విన్నాడు.

"వైరు నా కొరకు కలిపినవా?"

"మీరు అడగలేదు సార్. నేనే కలిపిన."

"నేను గా పిల్లను దొంగను అడిగినట్టు అడిగిన." కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నాకూ అనుమానముండెనయ్యా. అప్పుడు దినాం కరెంటు పోయేది, గా ఒక్కరోజే పోకుంట ఎట్లుంటది? నువ్వు పోలేదంటివి. నాక్కావాల్సిందీ గదే."

రంగుల కంపెనీ ఆయన ఉద్యోగం వదిలి విశాఖలో స్థిరపడ్డాడట. యజమాని ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. కుశల ప్రశ్నలయ్యాక, సీతాఫలం సంగతి ఒకటి చెప్పాలన్నాను.

"సీతాఫలాలా? సీజన్ అయిపోయిందిగా మాస్టారూ."

గుర్తుచేశాను. ఎంతకీ గుర్తురాలేదు. చివరికి, "ఆఁ, ఇంటర్నెట్ అమ్మాయా?" అన్నాడు.

"ఇంటర్నెట్ కాదండీ. ఆ రోజు కరెంటు పోయింది. ఆమె నిజం చెప్పింది. పోలేదని నేను అబద్ధం చెప్పాను. ఇప్పుడు అలాగే ఆపి చేస్తే మళ్లీ వచ్చింది."

"అయ్యో. నేనా కథ చాలా చోట్ల చెప్పి నవ్వించానండీ."

"ఎక్కడెక్కడ?"

"ఎన్నని గుర్తుంటాయి? వెళ్లిన ప్రతి ఫ్యాక్టరీలోనూ చెప్పేవాణ్ణి. మీటింగుల్లో, భోజనాల దగ్గర. మంచి కథ కదండీ అది."

ఆ గదిలో నలుగురం ఉన్నాం. ఇప్పుడు ఇద్దరికి చెప్పాను. ఆయన నవ్వించిన గదులన్నింటికీ నేను వెళ్లలేను. ఇది రాయడానికి కారణం అదే.

వెళ్లగలిగింది మా క్యాంటీన్‌కు. మధ్యాహ్నం ఆ ఇద్దరు కుర్రవాళ్ల బల్ల దగ్గరే కూర్చుని చెప్పాను. చుట్టూ ఇంకొందరు చేరారు. ముంజల సంగతి కూడా వదల్లేదు. అంతా విన్నాక ఒకడు తల గోక్కున్నాడు.

"అంటే సార్, సీతాఫలం అంటే ఇప్పుడు నిజమా, అబద్ధమా?"

"నిజం."

"మరి అబద్ధానికి ఏమనాలె?"

"కాకరకాయ అందాంరా, సార్ చేసిన దాన్ని" అన్నాడు రెండోవాడు. అని నాలుక కరుచుకున్నాడు. ఇప్పుడు నా వెనుక నన్ను కాకరకాయ సార్ అంటున్నారని తెలుసు. ఒక్కోసారి పాత మాట కూడా ఎవరి నోటో దొర్లుతుంది. మాట చెప్పినంత తేలిగ్గా తిరగదు.

ఆ సాయంత్రం ఆమె ఫోన్‌కు కొత్త ఫోటో పంపాను. ఆ గదిలో చెప్పానని, ఎవరు ఏమన్నారో రాశాను. ఫోటోకు మాత్రం జవాబు వచ్చింది.

"అన్నీ ఒక్క తీరుగ వచ్చినయా?"

‘వచ్చినయి’ అని కొట్టాను. పంపే ముందు ఫోటోను వేళ్లతో పెద్దది చేసి మూలలు చూశాను. కింద ఎడమ పక్కన నాలుగైదు రేణువుల మీద బుడిపెలు పాకి ఉన్నాయి. కొట్టింది చెరిపేశాను.

"లేదు. ఒక మూలకు కాకరకాయలున్నయి" అని పంపాను.

కుర్చీలోంచి లేవకుండా ఎదురుచూశాను. అంతటా ఒక్క తీరుగా చల్లారలేదేమో, బాత్‌లో నీళ్లు ఫ్లాస్కు మెడ దాకా పోశానా, సగం దాకానా అని ఆమె అడిగింది.